చేపలను వేటాడే శంకు నత్త: విషం లోపలి లెక్క

నత్త చేపను వేటాడి తింటుందంటే ఎవరికైనా మొదట నమ్మబుద్ధి కాదు. ఈదలేక, పరుగెత్తలేక, ఒంటి పాదం మీద మెల్లగా పాకే ప్రాణి తనకంటే ఎన్నో రెట్లు చురుకైన చేపను ఎలా అందుకుంటుంది? ఎలాగో అందుకుని పొడిచినా, మరుక్షణం ఆ చేప నాలుగు మూరల దూరం తప్పించుకుపోతే వేట వృథా అయినట్టే. పగడపు దిబ్బల్లో గాయపడిన చేప కోసం కాచుకుని ఉండే నోళ్లకు కొదవ లేదు. కాబట్టి చేపను చంపడం ఈ నత్తకు అసలు సమస్య కాదు, పొడిచిన చోటనే, పొడిచిన క్షణంలోనే దాన్ని కదలకుండా చేయడమే సమస్య. విషంలోని సంక్లిష్టతలో చాలా భాగం ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ అల్లుకున్నదని గుర్తుంచుకుంటే, ఆ తర్వాత ఎదురయ్యే గ్రీకు అక్షరాలు, రసాయనాల పేర్లు అంతగా భయపెట్టవు.

శంకు నత్తలు కోనస్ అనే ప్రజాతికి చెందినవి. వెచ్చని సముద్రాల్లో, ముఖ్యంగా హిందూ, పసిఫిక్ మహాసముద్రాల లోతు తక్కువ ప్రాంతాల్లో, 700కు పైగా జాతులు ఉన్నాయి. వీటిలో అత్యధికం సముద్రపు పురుగులను తింటాయి, కొన్ని తోటి నత్తలను తింటాయి, చేపలను వేటాడేవి తక్కువ. వాటి పూర్వీకులు కూడా పురుగులు తినేవేనని, చేపల వేట తర్వాతి కాలంలో వచ్చిందని పరిశోధకుల అభిప్రాయం. ఈ వ్యాసంలో తరచూ వచ్చే పేర్లు మూడు: కోనస్ జియోగ్రాఫస్, కోనస్ మాగస్, కోనస్ పర్పురాసెన్స్. మొదటిదానికి ఆ పేరు గుల్ల మీది గోధుమ రంగు మచ్చలు దేశపటంలా కనిపించడం వల్ల వచ్చింది.

ముందుగా ఆయుధాన్ని చూద్దాం. మామూలు నత్తల నోటిలో ఆకును గీరుకుని తినడానికి ఆకురాయి లాంటి పళ్ల వరుస ఉంటుంది. శంకు నత్తలో ఆ పన్నే కైటిన్ అనే గట్టి పదార్థంతో చేసిన బోలు సూదిగా మారింది. కొనకు గాలపు ముల్లులాంటి వంపు, లోపల విషం ప్రవహించేందుకు సన్నని దారి ఉంటాయి. ఇలాంటి కోరలు తయారవుతున్న దశలో ఉన్నవి, తయారై సిద్ధంగా ఉన్నవి ఒక సంచిలో పొదిలోని బాణాల్లా ఉంటాయి. వేట వేళకు ఒక్కటి తొండం కొనకు చేరుతుంది, ఒక్కసారే వాడబడుతుంది, మరోసారి పనికిరాదు. విషం మాత్రం వేరే చోట, శరీరంలో చుట్టలు చుట్టుకుని ఉన్న పొడవైన నాళంలో తయారవుతుంది. ఆ నాళానికి ఒక చివర కండరంతో కట్టిన తిత్తి ఉంది. అది విషాన్ని తయారు చేయదు, బలంగా ముందుకు నెట్టుతుంది. ఆ నాళం తన పొడవునా ఒకే విషాన్ని తయారు చేయదన్న సంగతి ఈ కథలో చాలా ముఖ్యమైన మలుపు. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

తూర్పు పసిఫిక్ తీరాల్లో ఉండే కోనస్ పర్పురాసెన్స్ వేటను దగ్గరి నుంచి చూస్తే విషం ఎలా పని చేస్తుందో తెలుస్తుంది. చేప వాసన తగలగానే నత్త తన తొండాన్ని నెమ్మదిగా చాపి, దాని కొనతో చేప ఒంటిని తడుముతుంది. తాకిన వెంటనే కోర దిగుతుంది. ఆ వేగాన్ని కంటితో పట్టుకోలేం. మరుక్షణం చేప రెక్కలన్నీ నిటారుగా విచ్చుకుని, ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతుంది. అది గిలగిల కొట్టుకోదు, పారిపోయే ప్రయత్నం చేయదు. కరెంటు తీగను పట్టుకున్నట్టు ఉన్న చోటనే ఆగిపోతుంది. కోర వెనుక భాగాన్ని తొండం గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి, గాలానికి చిక్కిన చేపను లాగినట్టు నత్త దాన్ని నోటి వైపు లాక్కుంటుంది. మింగేలోపే ఆ బిగుసుకున్న ఒళ్లు మెత్తబడి జారిపోతుంది. ముందు బిగుసుకుపోవడం, ఆపైన సడలిపోవడం అనే ఈ రెండు దశలు పూర్తిగా వేర్వేరు విషాల పనులు.

మొదటి దశ అర్థం కావాలంటే నాడీతంతువు గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. నాడిలో సంకేతం ప్రయాణించడమంటే దాని పొరలోని చిన్న తలుపులు వరుసగా తెరుచుకుని మూసుకోవడమే. సోడియం మార్గం తెరుచుకుంటే సంకేతం పుడుతుంది. క్షణంలో వెయ్యో వంతు తిరక్కముందే అది మూసుకుంటుంది, పొటాషియం మార్గం తెరుచుకుంటుంది, నాడి మళ్లీ నిమ్మళిస్తుంది. పర్పురాసెన్స్ విషంలోని డెల్టా రకం టాక్సిన్ (విషపు అణువు) సోడియం మార్గాన్ని మూసుకోనివ్వదు. అదే విషంలోని కప్పా రకం టాక్సిన్ పొటాషియం మార్గాన్ని తెరుచుకోనివ్వదు. అంటే ఒకటి మంటను ఎగదోస్తుంటే, మరొకటి దాన్ని ఆర్పే నీటిని కట్టేస్తుంది. కోర దిగిన చోట ఉన్న నాడులన్నీ ఒక్కసారిగా ఆగకుండా సంకేతాలు పంపడం మొదలుపెడతాయి. ఆ అలజడి చేప సొంత నాడీవ్యవస్థ ద్వారానే ఒళ్లంతా పాకుతుంది. విషం స్వయంగా రక్తంలో కలిసి ప్రయాణించాల్సిన అవసరం లేదు కాబట్టే ఒకటి రెండు క్షణాల్లో పని పూర్తవుతుంది. నాకు ఈ విషం మొత్తంలో అత్యంత తెలివైన భాగం ఇదే అనిపిస్తుంది: రక్తప్రసరణ వేగం సరిపోదు గనుక, ఎర శరీరంలో అంతకంటే వేగమైన దారినే నత్త వాడుకుంటోంది.

రెండో దశ నిదానంగా వస్తుంది. నాడి నుంచి కండరానికి ఆజ్ఞ చేరే చోటులో మూడు మెట్లున్నాయి. నాడి కొనలోని కాల్షియం మార్గాలు తెరుచుకుంటే ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఆ రసాయనం కండరం మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకాలకు అంటుకుంటుంది. దానితో కండరంలోని సోడియం మార్గాలు తెరుచుకుని కండరం ముడుచుకుంటుంది. ఒమేగా టాక్సిన్లు మొదటి మెట్టును, ఆల్ఫా టాక్సిన్లు రెండో మెట్టును, మ్యూ టాక్సిన్లు మూడో మెట్టును మూసేస్తాయి. ఒక్కటి మూసినా పక్షవాతం వస్తుంది గదా, మూడూ ఎందుకని అడగవచ్చు. ఒక్కో చోట కొద్దిపాటి అడ్డు పడినా, మూడు చోట్లా కలిసి పడినప్పుడు దారి త్వరగా, తిరుగులేకుండా మూసుకుపోతుంది. వైద్యంలో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం వెనుక ఉన్న తర్కమే ఇది. ఇలా ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసే టాక్సిన్ల గుంపుకు పరిశోధకులు రహస్యంగా పన్నాగం పన్నే ముఠా అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మొదటి దశది మెరుపుదెబ్బ ముఠా, రెండో దశది కదలికలను ఆపే ముఠా.

కోనస్ జియోగ్రాఫస్ దారి వేరు. అది ముందుగా పొడవదు. దిబ్బల సందుల్లో దాక్కున్న చిన్న చేపల దగ్గరికి చేరి, తన ముందు భాగాన్ని గరాటులాగా, వలలాగా వెడల్పుగా సాచి, ఒకటి కంటే ఎక్కువ చేపలనైనా లోపలికి చేర్చుకుంటుంది. ఆ తర్వాతే లోపల ఒక్కొక్కదాన్ని పొడుస్తుంది. కొన్ని గంటలకు ఎముకలు, పొలుసులు, వాడిన కోరలు బయటికి కక్కేస్తుంది. ఈ వేటలో చేపలు బెదరడం గానీ కొట్టుకోవడం గానీ కనిపించదు, మత్తులో ఉన్నట్టు నిశ్చలంగా ఉంటాయి. అందుకే ఇందులో పనిచేసే గుంపుకు నిర్వాణ ముఠా అన్న పేరు వచ్చింది. ఇందులో కొనాంటోకిన్ అనే పెప్టైడ్లు, అంటే ప్రొటీన్ లాంటి పొట్టి గొలుసు అణువులు, ఉన్నాయి. అవి మెదడులోని ఎన్‌ఎండీఏ అనే రకపు గ్రాహకాలను అడ్డుకుంటాయి. వీటితోపాటు ఎవరూ ఊహించని పదార్థం ఒకటుంది, అది ఇన్సులిన్.

ఇక్కడే చాలా మంది పొరబడే విషయం ఒకటి విప్పాలి. మనుషుల్ని చంపే శంకు నత్త జియోగ్రాఫసే. నమోదైన మానవ మరణాల్లో, అవి అన్నీ కలిపి కొన్ని పదులే అయినా, అత్యధికం దాని వల్ల జరిగినవే. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో ఒక యువకుడు బతికున్న గుల్లను అరచేతిలో పట్టుకుని, దాని పైపొరను కత్తితో గీకుతుండగా కుట్టించుకున్నాడు. నొప్పి లేదు, కాస్త తిమ్మిరి మాత్రమే. పది నిమిషాలకు పెదాలు బిగుసుకున్నాయి, ఇరవై నిమిషాలకు చూపు మసకబారింది, అరగంటకు కాళ్లు చచ్చుబడ్డాయి, గంటకు స్పృహ పోయింది; కొన్ని గంటల్లో అతను చనిపోయాడు. ఇలాంటి ఘటనలు చదివినవారు సహజంగానే, ఇంత చిన్న చేపకు ఇంతటి విషం ఎందుకని ఆశ్చర్యపోతారు, లేదా చేపను పట్టే విషమే మనిషికి తగిలిందని అనుకుంటారు. ఎంతోకాలం శాస్త్రవేత్తలు కూడా దాదాపు అలాగే అనుకున్నారు.

2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సెబాస్టియన్ డ్యుటర్ట్ర్, రిచర్డ్ లూయిస్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. వారు ఒకే నత్త నుంచి రెండు సందర్భాల్లో, అంటే చేపను చూపి ఒకసారి, బెదిరించి మరోసారి, విషాన్ని సేకరించి పోల్చారు. రెండూ వేర్వేరు విషాలు. నాడీ కండరాల మధ్య దారిని మూసేసే పక్షవాతపు టాక్సిన్లు బెదిరింపుకు స్పందనగా వచ్చిన విషంలోనే దండిగా ఉన్నాయి. వేటకు వదిలిన విషంలో ఉన్నవి చాలావరకు మనిషి గ్రాహకాల మీద పని చేయనివి. రక్షణ విషం నాళంలో తిత్తికి దగ్గరగా ఉన్న భాగంలో, వేట విషం నోటికి దగ్గరగా ఉన్న భాగంలో తయారవుతున్నాయి. అంటే గుల్లను చేతిలోకి తీసుకున్న మనిషికి తగిలేది వేటగాడి విషం కాదు, ప్రాణభయంతో ఉన్న జీవి తనను తినబోయే పెద్ద శత్రువు కోసం దాచుకున్న విషం. ఈ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, పురుగులు తినే పూర్వీకులు చేపల నుంచి, ఆక్టోపస్ వంటి జీవుల నుంచి కాపాడుకోవడానికి తయారు చేసుకున్న రక్షణ టాక్సిన్లే తర్వాత వేటకు మళ్లి, చేపలను తినే అలవాటుకు దారి తీశాయని ప్రతిపాదించారు. డాలు కత్తిగా మారిందన్నమాట. ప్రాణాంతకమైన విషమంటూ ఈ నత్త గురించి రాసేవారు ఏ విషం గురించి రాస్తున్నారో చెప్పడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కుట్టించుకున్న వారికి విరుగుడు మందు ఇప్పటికీ లేదు. పాము విషంలో పెద్ద ప్రొటీన్లు ఉంటాయి, వాటిని గుర్రాల్లో ఎక్కించి విషాన్ని అడ్డుకునే ప్రతిదేహాలను రాబట్టవచ్చు. శంకు నత్త టాక్సిన్లు అతి చిన్నవి కావడంతో రోగనిరోధక వ్యవస్థ వాటిని సరిగా గుర్తించదు, పైగా అవి డజన్ల కొద్దీ ఉంటాయి. అయితే టాక్సిన్లు క్రమంగా శరీరం నుంచి తొలగిపోతాయి. అందాకా ఊపిరి ఆగకుండా యంత్రం సాయంతో శ్వాస అందించగలిగితే మనిషి బతుకుతాడు. అందమైన గుల్ల కనిపించినా చేత్తో తీయకపోవడమే మేలు, పలుచని బట్టను ఆ కోర సులువుగా దాటుతుంది.

ఈ చిన్న అణువుల నిర్మాణంలోనే వాటి ఖచ్చితత్వం దాగి ఉంది. చాలా కోనోటాక్సిన్లలో, అంటే శంకు నత్త టాక్సిన్లలో, ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు 10 నుంచి 40 లోపే ఉంటాయి. ఇంత పొట్టి గొలుసు మామూలుగా అయితే తీగముక్కలా అటూ ఇటూ వంగుతూ ఉండాలి. వీటిలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తరచూ వస్తుంది. రెండేసి సిస్టీన్లు గంధకపు బంధంతో ముడిపడి, ఆ తీగను గట్టి ఆకారంలో బిగించి ఉంచుతాయి. ముడుల స్థానం స్థిరంగా ఉండగా, వాటి మధ్యనున్న అమైనో ఆమ్లాలు మాత్రం జాతి జాతికీ మారిపోతాయి. తాళంచెవి కాడ మారకుండా పళ్లు మాత్రం మారినట్టు. ఆ మార్పే ఒక టాక్సిన్‌ను కండరాల సోడియం మార్గానికి మాత్రమే సరిపోయేలా, దాని పక్కనే ఉన్న గుండె సోడియం మార్గాన్ని అంతగా తాకని విధంగా మలుస్తుంది. 1999లో థామస్ డూడా, స్టీఫెన్ పలుంబి చేసిన అధ్యయనం ఈ జన్యువులు పదే పదే రెట్టింపవుతూ, అసాధారణ వేగంతో మారుతున్నాయని చూపింది. ఒక్కో జాతిలో వంద, రెండు వందలకు పైగా టాక్సిన్లు ఉండడానికి, ఒక జాతివి మరో జాతిలో దాదాపు కనిపించకపోవడానికి కారణం అదే.

టాక్సిన్ల పేర్లు చూసి బెదరనక్కర్లేదు. ఉదాహరణకు ఒమేగా కోనోటాక్సిన్ ఎం సెవెన్ ఎ అనే పేరును విడదీద్దాం. ఒమేగా అంటే అది కాల్షియం మార్గాన్ని అడ్డుకుంటుంది. ఎం అంటే కోనస్ మాగస్ నుంచి వచ్చింది. సెవెన్ అనేది సిస్టీన్ల అమరికలో ఏ నమూనాకు చెందుతుందో చెబుతుంది. ఎ అంటే ఆ నమూనాలో ఆ జాతి నుంచి మొదట గుర్తించినది. పేరులోనే ఇంటిపేరు, ఊరు, వృత్తి అన్నీ ఉన్నాయి.

ఈ పేరుతోనే విషం మందుగా మారిన కథ మొదలవుతుంది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివెరా అమెరికాలో డీఎన్ఏ మీద పరిశోధన చేసి 1970 ప్రాంతంలో మనీలాకు తిరిగి వచ్చారు. అక్కడ ఆ పనికి కావలసిన పరికరాలు లేవు. ఉన్నదాంతో చేయగల పరిశోధన కోసం వెతికి, తీరంలో దొరికే శంకు నత్తలను ఎంచుకున్నారు. లూర్డెస్ క్రూజ్ ఆయనతో కలిసి పనిచేశారు. తొలి రోజుల పరీక్ష ఎంతో సాదాది: విషం ఎక్కించిన ఎలుకను తీగల వలకు తలకిందులుగా వేలాడదీయడం, పక్షవాతం వచ్చి పడిపోతుందా అని చూడడం. తర్వాత ఒలివెరా అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పెట్టారు. అక్కడ క్రెయిగ్ క్లార్క్ అనే విద్యార్థి విషాన్ని విడివిడి భాగాలుగా చేసి, నేరుగా ఎలుకల మెదడులోకి ఎక్కించి చూద్దామన్నాడు. ఒక భాగానికి ఎలుక వణికింది, ఒకదానికి గుండ్రంగా తిరిగింది, మరొకదానికి నిద్రపోయింది. నిద్రపుచ్చిన కొనాంటోకిన్ రెండు వారాల లోపు ఎలుక పిల్లల్నే నిద్రపుచ్చింది. పెద్ద ఎలుకలను పరుగులు పెట్టించింది. విషం ఒకటి కాదని, అందులోని ప్రతి అణువుకూ తనదైన పని ఉందని అప్పుడు స్పష్టమైంది. 1979లో హైస్కూలు చదువు ముగించుకుని, కాలేజీలో చేరబోతూ ఆ ప్రయోగశాలకు వచ్చిన మైకేల్ మెకింటోష్ కోనస్ మాగస్ విషం నుంచి వేరు చేసినదే మనం పైన విడదీసిన ఆ ఒమేగా టాక్సిన్.

ఒక విచిత్రం ఉంది. చేపల్లో నాడి నుంచి కండరానికి ఆజ్ఞ అందడానికి ఎన్ రకపు కాల్షియం మార్గం కావాలి. అందువల్ల ఈ టాక్సిన్ తగిలితే చేపకు పక్షవాతం వస్తుంది. క్షీరదాల్లో ఆ పనిని వేరే రకపు మార్గాలు చేస్తాయి, ఎన్ రకపు మార్గాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలు చేరే నాడీకొనల దగ్గర గుమిగూడి ఉంటాయి. అందుకే అదే అణువు చేపకు చలనం పోగొట్టే ఆయుధం, మనిషికి నొప్పి పోగొట్టే మందు. జియోగ్రాఫస్ నుంచి వచ్చిన దాని బంధువు ఒమేగా టాక్సిన్ అదే మార్గానికి దాదాపు విడవకుండా అంటుకుంటుంది. మాగస్‌ది అంటుకున్నా విడిచిపోతుంది, మందుకు అదే పనికొచ్చింది. 25 అమైనో ఆమ్లాలున్న ఆ పెప్టైడ్‌ను ప్రయోగశాలలో యథాతథంగా సంశ్లేషించి, జికొనోటైడ్ పేరుతో 2004 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. మార్ఫిన్ వంటి ఓపియాయిడ్లకు లొంగని దీర్ఘకాలిక తీవ్ర నొప్పికి దీన్ని వాడతారు; ఓపియాయిడ్ల మాదిరి అలవాటు కలిగించదు, మోతాదు పెంచుకుంటూ పోవాల్సిన పని లేదు. దాని ఇబ్బందులూ చిన్నవి కావు. రక్తం నుంచి నాడీవ్యవస్థలోకి అది చేరదు, రక్తంలోకి ఎక్కిస్తే రక్తపోటు పడిపోతుంది. కాబట్టి సూక్ష్మమైన పంపు ద్వారా వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకే చుక్కచుక్కగా పంపాలి. తల తిరగడం, గందరగోళం, భ్రమలు కలిగే అవకాశం ఉంది కనుక మోతాదును జాగ్రత్తగా, నెమ్మదిగా సరిచూడాలి.

ఇప్పుడు జియోగ్రాఫస్ వలలో చిక్కిన చేపల దగ్గరికి తిరిగి వెళ్దాం. 2015లో హెలెనా సఫావీ హెమామీ బృందం ఆ విషంలో దొరికిన ఇన్సులిన్ నత్త సొంత ఇన్సులిన్‌లా లేదని, చేప ఇన్సులిన్‌ను పోలి ఉందని చూపింది. ఎర శరీరంలోకి ఎర సొంత హార్మోన్ లాంటిదాన్నే పెద్ద మోతాదులో పంపి, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుందన్నమాట. చేప స్పృహ తప్పినట్టు మందగించడానికి అదొక కారణం. మనిషి ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటే దీనిలో 43. లోపించిన తోక భాగం చాలా ఆసక్తికరమైనది. మన ఇన్సులిన్ అణువులు ఆ భాగం సాయంతోనే ఒకదానికొకటి అతుక్కుని ఆరేసి గుంపులుగా నిలవ ఉంటాయి. ఇంజెక్షన్ తర్వాత ఆ గుంపులు విడిపోయేదాకా మందు పని మొదలుపెట్టదు. నత్త ఇన్సులిన్‌కు ఆ తోక లేదు, గుంపు కట్టదు, వెంటనే పనిలోకి దిగుతుంది. చేప పారిపోయేలోపు ఫలితం రావాలన్న ఆ పాత ఇబ్బందే ఇక్కడా పనిచేసింది. 2020లో ఇదే సూత్రాన్ని అనుసరించి, మనిషి ఇన్సులిన్‌లో ఆ తోకను తీసేసి, నాలుగు అమైనో ఆమ్లాలను మార్చి, పూర్తి శక్తితో పనిచేసే పొట్టి ఇన్సులిన్‌ను పరిశోధకులు తయారు చేశారు.

చక్కెరను పడగొట్టినంత మాత్రాన నత్త పని పూర్తి కాదు. చేప శరీరం గ్లూకాగాన్ అనే మరో హార్మోన్‌ను విడుదల చేసి చక్కెరను తిరిగి పైకి తెచ్చుకోగలదు. 2024లో ప్రచురితమైన మరో పరిశోధన ఆ దారిని కూడా నత్త మూసేసిందని తేల్చింది. విషంలో ఇన్సులిన్‌తోపాటు సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను అనుకరించే పెప్టైడ్ ఉంది. అసలు సొమాటోస్టాటిన్ శరీరంలో ఎన్నో పనులను అణచిపెడుతుంది; నత్త తయారు చేసిన నకలు మాత్రం దాని గ్రాహకాల్లో ఒక్కదానికే ఎక్కువగా అంటుకుని, గ్లూకాగాన్ విడుదలను ఆపుతుంది. ఒకటి చక్కెరను కిందికి తోస్తుంది, రెండోది దాన్ని పైకి లేవనివ్వదు. పర్పురాసెన్స్ చేప నాడిలో సోడియం తలుపును తెరిచి ఉంచి, పొటాషియం తలుపును మూసి ఉంచినట్టే, జియోగ్రాఫస్ చేప రక్తంలో అదే ఎత్తుగడను హార్మోన్లతో వేస్తోంది.